సాలు వెంట వచ్చిన నెమిలి

మా నాయన ఆ నెమిలిని టవాల్లో చుట్టుకోని వాకిట్లోకి వచ్చిన దినం, అమ్మ నెమిలిని చూడలేదు. నాయన ముఖం చూసింది. ఆ యేడు మా ఇంట్లో అందరికీ అదే పని. ఆయన బయటికి పోతే ముఖం చూసేది, లోపలికొస్తే ముఖం చూసేది, గోడపక్కకు తిరిగి పండుకుంటే వీపన్నా చూసేది. అందరం అంటే ఎంతమందిమి, అమ్మా నేనే.

ఎందుకట్ల చూస్తాంటిమో ముందు చెప్తా. మాది ఉరవకొండకూ వజ్రకరూరుకూ నడుమ ఉండే ఊరు. చెనక్కాయ తప్ప ఇంగో పైరు తెలీనోళ్లం. రెండువేల సంవత్సరం దాటినంక వరసగా కరువు పట్టుకునింది. విత్తేది, మొలిచేది, ఊడలు దిగే టయానికి వాన ముఖం చాటేసేది. కాయలు సరే, పశువులకు మేపే చెనక్కాయ కట్టె కూడా మిగల్లేదు. బోరు వేయిస్తే దుమ్ము లేచింది. కరువు చూసేకి జీపుల్లో వచ్చినోళ్లు ఎండిన చెట్టును పెరికి, వేరు చూసి, తల ఊపి, మా ఇంట్లోనే మజ్జిగ తాగి పోయినారు. ఒళ్లు మండిపోతాండె నాకు. నాయన మాత్రం ఏమీ అనలేదు. జీపు వెనక లేచిన దుమ్ము తగ్గేదంక చూసి వచ్చి మంచమెక్కినాడు.

అంతకుముందు ఆయన నోరు మూతపడేది కాదు. ఎద్దుతో మాట్లాడతాడు, గొర్రుతో మాట్లాడతాడు, రేడియోలో వార్తలు చదివే ఆయనకు ఈడినుంచి ఎదురు జవాబు చెప్తాడు. అట్లాంటి మనిషి మాట మానేసినాడు. అన్నం పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. అదే దినాల్లో కింది వీధిలో ఒకాయన చేనికాడ వేరుపురుగు మందు తాగి పండుకున్నాడు, మళ్లీ లేవలేదు. ఆయనా మా నాయన మాదిరే కొన్నాళ్లు గమ్మున ఉండినాడంట. ఆ మాట చెవినబడిన సాయంత్రం అమ్మ మా కొట్టంలో దూలానికి వేలాడదీసిన మందు డబ్బాను దించింది. అదే వేరుపురుగు మందు, విత్తనానికి పట్టించేది. పోయిన యేడు సగం మిగిలిన చిన్న డబ్బా.

"పారేయ్‌మా" అన్నాను.

"పారేస్తే ఎట్లమే? వాన పడితే విత్తనానికి యాడ తెచ్చేది?" అనింది. డబ్బాను పాత చీర ముక్కలో చుట్టి గాదెలో అడుగుకు వదిలింది. గాదె కాలీగా ఉండాది, దాంట్లోకి తొంగి చూసే పని ఎవురికీ లేదు. నాయనకు తెలీదనుకోని ఇద్దరం కొంచెం నిమ్మళపడినాం.

ఇట్లుండంగా ఒగ దినం పొద్దున నాయన ఎండిన వంకపక్కకు పోయి, టవాల్లో నెమిలితో తిరిగొచ్చినాడు. పెట్ట నెమిలి. జాలికంపల్లో ఎవురో కుందేళ్లకు పెట్టిన ఉచ్చులో కాలు పెట్టినట్లుంది, పెనుగులాడి విరగ్గొట్టుకునింది. మోకాలి కింద ఎముక రెండయి, తోలు పట్టుకోని కాలు వేలాడతాంది. నోరు తెరుచుకోని ఎగబోస్తాంది.

"కోడిగుడ్డు తేపో పాపా" అన్నాడు నాయన.

ఎన్ని నెలలకు విన్నానో ఆ గొంతు! గుడ్డు కోసం పరిగెత్తినాను. అమ్మ అప్పుడు చూసింది నెమిలిని.

నాయన మేకల కాళ్లు కట్టడం ఎరిగినోడు. వెదురు బద్దను సన్నగా చీల్చి, కత్తితో నున్నగా గీకినాడు. అమ్మ చీర అంచును గుడ్డు తెల్లసొనలో ముంచి, ఎముకను సరిజేసి చుట్టినాడు. దాని మీద బద్దలు, మళ్లీ గుడ్డ, మళ్లీ దారం. నెమిలి తలమీద నేను టవాలు కప్పి పట్టుకున్నాను. దాని గుండె నా అరచేతికి తగులుతాంది. నాయన కట్టుకట్టినంతసేపూ, "అయిపోయిందమ్మా, అయిపోయింది, ఇంగొక్క చుట్టు" అంటానే ఉన్నాడు. అమ్మ వంటింటి గడపలో నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకోని ఏడుస్తాంది. నెమిలి కోసం కాదని నాకు తెలుసు.

మా పక్క చేని మామ వచ్చి చూసి పగలబడి నవ్వినాడు. అమ్మకు తమ్ముని వరస ఆయన. కరువులో మేము ఒగ ఎద్దును అమ్ముకుంటిమి, ఆయనా ఒగదాన్ని అమ్ముకునె. మిగిలిన రెండింటినీ జతగట్టి ఇద్దరి చేన్లూ చేసుకుంటాంటిమి.

"ఏం బావా, చేనంతా మేసేదాన్ని తెచ్చి సాకుతాండావే! పోనీ మగదన్నా కాదు, ఈకలన్నా వస్తాండె."

"మేసేకి చేనులో ఏముండాదిలేరా" అన్నాడు నాయన.

మామ నవ్వు ఆగిపోయింది. కానీ నాయన నవ్వినాడు. ఆ మాట చెప్పి ఆయనే నవ్వినాడు.

"ఫారెస్టోళ్లు చూస్తే పట్టుకపోతారు బావా, ఎచ్చరికగా ఉండు" అని మామ మెల్లగా జారుకున్నాడు.

కొట్టంలో ఎద్దును అమ్మినంక కాలీపడిన గాటి ఉండె. దాంట్లో గడ్డి పరిచి నెమిలిని పెట్టినాం. జొన్నలు వేస్తే ముట్టలేదు, సద్ది పెడితే ముట్టలేదు. రెండు దినాలకు మెడ వాల్చేసింది. నాయన మళ్లీ మంచం అంచున కూర్చుని నేలచూపులు చూడబట్టినాడు. అమ్మకు ప్రాణం గిలగిల్లాడింది. లోపలికి పోయి విత్తనం కాయల మూట విప్పింది.

మా ఊర్లో ఎవురింట్లోనన్నా కావొచ్చు, విత్తనం కాయల జోలికి పోయేది లేదు. ఇంట్లో గింజలు లేక నూక గంజి తాగినా సరే, ఆ మూట మూటే. చిన్నప్పుడు రెండు కాయలు తీసినానని అమ్మ నా వీపు చిట్లగొట్టింది. అట్లాంటిది తనే విప్పి, పిడికెడు కాయలు ఒలిచి, "నమిలి పెట్టయ్యా, తింటుందేమో" అని నాయన చేతిలో పోసింది.

నాయన నమిలినాడు. నెమిలి ముక్కు తెరిచి, ఆ ముద్దను వేలితో లోపలికి తోసినాడు. మింగింది. ఇంగొకటి మింగింది.

"నాకు ఒక్కతూరన్నా నమిలి పెట్టినాడా ఈ మనిషి?" అనింది అమ్మ.

"నీకు పండ్లుండాయి కదమే" అన్నాడు నాయన. అమ్మ సిగ్గుపడింది. నిజంగా సిగ్గుపడింది, ఆ వయసులో, ఆ కరువులో.

అప్పటినుంచి ఇల్లు మారింది. నాయన తెల్లారకముందే లేచి కొట్టంలోకి పోతాండె. దాంతో కతలు చెప్పేది, దాన్ని తిట్టేది. "దొంగముండా, నా కాయలు ఎన్ని పెరికితినింటావు నువ్వు? ఇప్పుడు కూర్చోబెట్టి ఒలిచి పెట్టిచ్చుకుంటాండావు!" నెమిలి తల పక్కకు వంచి వినేది. నేనూ అమ్మా గోడ ఇవతల నిలబడి వింటాంటిమి. ఆయన గొంతు ఎంతసేపు వినబడితే అంతసేపు మాకు ఊపిరి ఆడేది. నెమిలి బతకల్ల అని మేము మొక్కని దేవుడు లేడు. దాని మీద ప్రేమతో కాదు, ఉన్నమాట చెప్పాల్సి వస్తే. అది పోతే నాయన ఏమైపోతాడో అని.

కట్టు విప్పినాం. ఎముక అతుక్కునింది. కానీ నెమిలి ఆ కాలు కింద పెట్టలేదు. ఒంటికాలి మీద నిలబడేది, కుంటేది, కూలబడేది.

"నడిపించల్ల. లేకుంటే కాలు బిగుసుకపోతాది" అన్నాడు నాయన.

నడిపించే పని అమ్మ ఎత్తుకునింది. కొంగును నడుముకు దోపి, ముందర సంచి మాదిరి ఒడి చేసుకోని, దాంట్లో ఒలిచిన విత్తనాలు పోసుకునేది. వాకిట్లో ఈ కొసనుంచి ఆ కొసకు మెల్లగా నడుస్తా, ఒడిలోనుంచి పిడికెడు తీసి, ఒక్కొక్కటే వెనక్కి జారవిడిచేది. నెమిలి వెనక నడవల్ల, ముక్కుతో ఏరుకోవల్ల. మొదట్లో రెండడుగులేసి కూలబడేది. అమ్మ ఆగేది కాదు. "తిరిగి చూడొద్దుమే, నువ్వు నిలబడితే అదీ నిలబడతాది" అని నాయన అరుగు మీదనుంచి చెప్పేవాడు. అమ్మ తిరిగి చూడకుండా పోతానే ఉండేది. ఆశకు ఆ పిచ్చిది కాలీడ్చుకుంటా వచ్చేది. అట్ల అట్ల కాలు కింద ఆన్చింది. ఆమీట అమ్మ చీపురు పట్టుకోని వాకిలి ఊడ్చినా పట్టించుకోదు, బిందె ఎత్తుకోని పోయినా పట్టించుకోదు. ఒడి దోపితే మాత్రం చాలు, యాడున్నా వచ్చి వెనక నిలబడేది.

"నిన్ను చూసి కాదులేమే, నీ ఒడిని చూసి" అని నాయన ఎగతాళి చేసేవాడు.

ఒగ సాయంత్రం అది కొట్టం మీదికి ఎగిరింది. ఆడినుంచి చింతచెట్టు మీదికి. మర్నాడు వంకలో నెమిళ్లు అరుస్తాంటే మెడ నిక్కించి వినింది, వినీ వినీ, అటే పోయింది. రాత్రికి రాలేదు. మర్నాడూ రాలేదు. అమ్మ భయంభయంగా నాయన పక్క చూసింది. ఆయన గడ్డం గీసుకుంటాన్నాడు.

"పోయిందిలే, దాని జాతిలోకి అది పోయింది. పోవల్ల కదా" అన్నాడు. అద్దంలోనుంచి మమ్మల్ని చూసి, "ఏం అట్ల చూస్తారు ఇద్దరూ?" అని నవ్వినాడు. ఆ వారమంతా కూర్చుని గొర్రుకు కొత్త పండ్లు చెక్కి బిగించినాడు. వాన జాడ యాడా లేదు, అయినా చెక్కినాడు. అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, "బతికినాడుమే మీ నాయన" అనింది.

ఆరుద్ర కార్తెలో వాన పడింది. దినమంతా ఉడకబోసి, సందకాడ మొదలై, వంక పారేంత పడింది. ఊరంతా వాకిట్లోకి వచ్చి తడిసింది. తెల్లారినంక చూస్తే ఊర్లో ఆడోళ్లు సగంమంది లేరు. మొదటి వాన పడితే మా పక్క అదొగ పిచ్చి. మట్టి కడుక్కపోయి రాళ్లు తేలతాయని, వజ్రం దొరుకుతాదని, సద్ది కట్టుకోని వజ్రకరూరు చేన్లలోకి పోయి వంగి వెతుకుతారు. యేటేటా మాకు విత్తనం విడిచేకి వచ్చే కూలామె కూడా తెల్లారకముందే వాళ్లతో ఆటో ఎక్కి పోయింది. పదును ఒక్క దినం, మించితే రెండు దినాలు ఉంటాది. ఆమె వచ్చేదంక కాచుకుంటే నేల ఆరిపోతాది.

"నేను విడుస్తాలే విత్తనం" అనింది అమ్మ.

కోళ్లను గంప కింద మూసినాం. మందు పట్టించిన విత్తనం ఒక్కటి తిన్నా కోడి బతకదు, విత్తే దినం ప్రతి ఇంట్లోనూ మొదట చేసేది అదే పని. విత్తనాలు పట్ట మీద పోసినాం. ఇంగ మందు కావల్ల. గాదెలోనుంచి ఎట్ల తీయల్ల, నాయనకు ఏమని చెప్పల్ల అని అమ్మా నేనూ ముఖాలు చూసుకుంటాంటిమి. నాయన గమ్మున లోపలికి పోయినాడు. నేరుగా గాదెకాడికి పోయి, వంగి, చేయి పెట్టి, గుడ్డలో చుట్టిన డబ్బా తీసినాడు. ఒక్కచోట కూడా వెతకలేదు.

అమ్మ పట్ట అంచున కూలబడింది. అన్ని నెలలూ ఆయనకు తెలుసు. మంచంలో గోడపక్కకు తిరిగి పండుకున్న అన్ని దినాలూ తెలుసు. ఆయన మాకేసి చూడకుండా మందు విత్తనానికి పట్టించి, చేతులు కడుక్కోని, "కానీండి, పదును పోతాది" అన్నాడు.

మామ తన ఎద్దును తోలుకోని వచ్చినాడు. కాడి కట్టినారు. నాయన గొర్రు పట్టినాడు. అమ్మ కొంగు దోపి ఒడి చేసుకోని, దాంట్లో మందు విత్తనాలు పోసుకోని, గొర్రు వెనక నడిచింది. గొర్రు మీదుండే జడ్డిగం గిన్నెలోకి పిడికిట్లోనుంచి ఒక్కొక్క విత్తనం విడవల్ల. చెయ్యి తడబడితే సాలు బోడిగా పోతాది, అందుకని విడిచే మనిషి చూపు చేతి మీదనుంచి కదలకూడదు. పక్కకు చూడకూడదు, వెనక్కి అసలే చూడకూడదు. సాలు మూసే గుంటక వెనక తోలుదాములే అనుకున్నారు, ఉండేది ఒక్క జతే కదా. అప్పటిదాకా విత్తనాలు సాల్లో సగం పైకే కనపడతాంటాయి.

నేను ఇంటికి పోయి సంగటి చేసుకోని, గంప నెత్తినెట్టుకోని చేనికి వచ్చేసరికి పొద్దు బాగా పైకెక్కింది. గట్టెక్కి చూసినాను. తడిసిన ఎర్రనేల, దాని మీద సాళ్లు. ముందర నాయన ఎద్దులను అదిలిస్తా పోతాన్నాడు, పాట కూడా ఏదో తీస్తాన్నాడు. ఆయన వెనక అమ్మ, తల వంచుకోని. అమ్మ వెనక నాలుగడుగుల దూరంలో నెమిలి.

కొంచెం కుంటుతా వస్తాంది. వంగుతాంది, ఏరుకుంటాంది, తలెత్తి అమ్మ ఒడిని చూస్తాంది, మళ్లీ వంగుతాంది. మా వాకిట్లో నడిచినట్లే నడుస్తాంది. ఒక్క గడియ నాకు సంతోషమే అయింది, అబ్బా, వచ్చిందే అని. అంతలోనే మందు గుర్తుకొచ్చింది.

"అమ్మా! వెనక! నెమిలి!" అని అరిచినాను. గంప యాడ పడిందో తెలీదు.

అమ్మ తిరిగింది. నెమిలి బెదరలేదు. ఇంగో అడుగు ముందుకేసి, అమ్మ చేతికేసి మెడ చాపింది. అమ్మ పిడికిలి బిగించుకోని, ఆ చేతిని వీపు వెనక దాచిపెట్టుకోని, "పో, పోవే, పో నా తల్లీ" అని తరమబట్టింది. అది పోలేదు. ఎందుకు పోతాది? నాయన గొర్రు వదిలేసి పరిగెత్తుకోని వచ్చినాడు.

గట్టు మీద ఎత్తుకోని కూర్చున్నాడు. పొద్దున సద్దితో తెచ్చుకున్న మజ్జిగ పోసినాడు, సద్దిమూటలోని చింతపండు పిసికి పులుసు పోసినాడు, ఉప్పునీళ్లు పోసినాడు. పోసింది పోసినట్లు పక్కనుంచి కారిపోయింది. మొదట మెడ వణికింది, ఆమీట రెక్కలు. నాయన దాన్ని గుండెకు అదుముకోని, "అయిపోయిందమ్మా, అయిపోయింది" అంటాన్నాడు. కట్టు కట్టిన దినం అన్న మాటే.

ఎద్దులు సాల్లో నిలబడిపోయినాయి. ఎండ పైకెక్కుతాంది, నేలమీదనుంచి ఆవిరి లేస్తాంది. మామ ఆకాశం చూసినాడు, నేల చూసినాడు, నాయనను చూసినాడు. నాయనే తలెత్తకుండా చెప్పినాడు.

"విత్తుపోండి. పదును పోతాంది."

మామ గొర్రు పట్టినాడు. అమ్మ మళ్లీ వెనక నడిచింది. ఆ పొద్దు గూకేదంక, ఒడిలోనుంచి ఆ విత్తనాలే తీసి తీసి విడిచింది. కండ్లనీళ్లు తుడుచుకునేకి లేదు, చేతికంతా మందు. నేను సాళ్ల మీద అటూ ఇటూ తిరిగి పిట్టలను తోలినాను. గట్టుకాడికి వచ్చిన ప్రతితూరీ చూస్తాంటిమి, ఇంగా కొట్టుకుంటాందా అని. మధ్యాహ్నం దాటినంక ఆగిపోయింది. నాయన కదల్లేదు. థూ, ఏం బతుకో మాది! ఒగ ప్రాణం పోతాంటే దాని పక్కనే, దాన్ని చంపిన విత్తనమే విత్తుకోవాల్సిన బతుకు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతాది, ఎవుర్ని తిట్టల్లో తెలీదు. అమ్మను తిట్టలేను, నాయనను తిట్టలేను, కూలామె కూడా ఏం పాపం చేసింది, రాయి దొరికితే బాగుపడదామనుకునింది.

నాయన గట్టు వారగా గుంత తీసి పూడ్చినాడు. కుక్కలు తవ్వకుండా జాలికంప కప్పినాడు. ఎద్దులను విప్పి ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టే పొద్దు. మామ తన ఎద్దును తోలుకోని తలొంచుకోని పోయినాడు. అమ్మ కోళ్ల మీద గంప ఎత్తింది.

నాయన వాకిట్లో నిలబడి ఉన్నాడు. చేతిలో ఆ డబ్బా. ఇంగా కొంచెం మిగిలింది, కదిపితే లోపల చప్పుడవుతాంది. అమ్మకు చాపినాడు.

"ఇది ఈ తూరి గాదెలో పెట్టొద్దు" అన్నాడు. "నాకు దొరకని తావున పెట్టు."

అమ్మ డబ్బా అందుకునింది. నాయన పోయి మంచంలో గోడపక్కకు తిరిగి పండుకున్నాడు.

"పారేయ్‌మా" అన్నాను నేను ఏడుస్తా. "ఇప్పుడన్నా పారేయ్."

"పారేస్తే ఇంగ ఎప్పటికీ విత్తేది లేదని ఆయనకు చెప్పినట్లు కాదామే?" అనింది.

ఇంట్లోకి పోయింది, వచ్చింది. కొట్టంలోకి పోయింది, వచ్చింది. ఆ ఇంటికి గోడలు పెట్టింది నాయన, గూళ్లు తొలిచింది నాయన, మిద్దెకు దంతె కట్టెలు పరిచింది నాయన. ఆయనకు తెలీని తావు ఆ ఇంట్లో యాడుండాది? చీకటిపడేదంక అమ్మ డబ్బా పట్టుకోని వాకిట్లో నిలబడింది.

ఆమీట కొంగు దోపి, ఒడి చేసుకోని, దాంట్లో పెట్టి ముడేసుకునింది.

ఆ వాన తర్వాత ఇంగో వాన రాలేదు. విత్తనం మొలిచి, రెండాకులు విడిచి, మాడిపోయింది. నాయన మంచం దిగలేదు. అమ్మ ఆ డబ్బాను ఒడిలో కట్టుకోనే వంట చేసింది, ఒడిలో కట్టుకోనే పండుకునింది. రాత్రుల్లో ఆమె పక్కకు తిరిగితే మిగిలిన మందు డబ్బాలో కదిలేది. ఆ చప్పుడుకు నేను మేలుకోని చూస్తే, నాయన కూడా కండ్లు తెరుచుకోనే ఉండేవాడు.